ఫ్యాన్ ఆపేసిన గది

మే నెల. పులివెందుల. మధ్యాహ్నం రెండు గంటలు. ల్యాబులో ఫ్యాన్ ఆపించింది నువ్వే.

"ఈ ఎండల్లో ఏం పనప్పా ఇది?" అంటాడు ల్యాబ్ అన్న, టవలుతో మెడ తుడుచుకుంటూ. తెర చూపిస్తావు. ఇందాక గాలి తగిలినంతసేపూ అక్కడి అంకె కుదురుగా లేదు. ఇప్పుడు కదలడం లేదు. నీ చెమట మాత్రం కంట్లోకి దిగుతోంది.

లాగి తెంపే మిషన్ దవడల మధ్య రెండు ఇనుప పట్టీలు నిలువుగా బిగించి ఉన్నాయి. అంగుళం వెడల్పు, 16 గేజ్ షీటు. ఒకదాని కొస మీద ఇంకోదాని కొస 12.7 మిల్లీమీటర్లు ఎక్కింది. నడుమ ఎపాక్సీ జిగురు. మొన్న ప్రొద్దుటూరులో మోటార్ వైండింగ్ షాపు నుంచి 0.2 మిల్లీమీటర్ల రాగితీగ ముక్కలు తెచ్చి ఆ నడుమ పెట్టావు, జిగురు మందం అన్నిచోట్లా ఒకటే ఉండాలని. ఎమరీ కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, పైన జమ్మలమడుగు నుంచి వచ్చిన బండముక్క బరువు పెట్టి రాత్రంతా వదిలేశావు.

పట్టీ వీపు మీద, అతుకు అంచుకు సరిగ్గా పైన, గోరంత స్ట్రెయిన్ గేజ్ ఉంది. దాన్ని అంటించిందీ జిగురే. జిగురు సంగతి చెప్పడానికి జిగురునే నమ్ముకోవడం తమాషాగానే ఉంటుంది. గేజ్ నిరోధం 120 ఓమ్‌లు. కిందున్న ఇనుము పది లక్షల్లో 500 వంతులు సాగితే, గేజ్‌లో మారేది 0.12 ఓమ్. నువ్వు వెతుకుతున్నది అంత చిన్న తేడా.

పక్కన సాగుడు కొలిచే ఇంకో పరికరం పట్టీలను రెండు కత్తి అంచులతో పట్టుకుని ఉంది. ఎక్స్‌టెన్సోమీటర్. నీ జీతం కంటే దాని ఖరీదే ఎక్కువ.

స్టార్ట్ నొక్కుతావు.

పై దవడ నిమిషానికి 1.3 మిల్లీమీటర్ల చొప్పున లేస్తోంది. కంటికి ఆనదు. ఒక కిలోన్యూటన్. రెండు. ఎక్స్‌టెన్సోమీటర్ అంకె చక్కగా పెరుగుతుంటే జిగురు ఎంత జారిందో తెలిసిపోయిందనిపిస్తుంది. తొందరపడకు. ఆ అంకెలో ఎక్కువ భాగం ఇనుము సాగినదే. జిగురు వాటా రెండు మూడు మైక్రాన్లు. ఇనుము లెక్క వేసి తీసేస్తే తప్ప అది బయటపడదు.

పట్టీలను పక్కనుంచి చూడు. రెండూ ఒకే గీతలో లేవు కదా, లాగేకొద్దీ అతుకు కొద్దిగా వంగుతోంది. అంచుల దగ్గర జిగురును పీకుతోంది. నడుమ జిగురు తీరిగ్గా ఉంటే భారం ఎక్కువగా రెండు కొసల మీదే. 1938లో ఫోల్కర్‌సన్ కాగితం మీద తేల్చింది కొసల మీద పడే ఈ భారాన్నే. 1944లో గోలాండ్, రైస్నర్ ఆ వంపును కూడా లెక్కలోకి తెచ్చారు. గేజ్‌ను అంచు మీద పెట్టింది అందుకే.

మూడు.

"ఇది తీసేద్దామా, అబ్బీ?" అన్న చెయ్యి ఎక్స్‌టెన్సోమీటర్ దగ్గర ఆగి ఉంది.

తీసేస్తే చివరి గీత పోతుంది. ఉంచితే, అతుకు తెగిన దెబ్బకు కత్తి అంచులు పాడవుతాయి. మిషన్ ఆపి తీద్దామా? ఆపితే జిగురు ఊరుకోదు. ఈ వేడికి మెత్తబడి ఉంది, నిలిపిన చోటే మెల్లగా సాగుతుంది, లోడు జారిపోతుంది. నడుస్తుండగానే తీయాలి.

అతుకులో జిగురు విడిపోతే ఏమవుతుందో నీకు తెలుసు. 1988 ఏప్రిల్ 28న హవాయి మీద ఎగురుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ విమానం పైకప్పు ఒక్కసారిగా లేచిపోయింది. రేకుల అతుకులో జిగురు ముందే విడిపోయి, బరువు రివెట్ల మీద పడి, వాటి రంధ్రాల చుట్టూ పగుళ్లు పాకాయి. ఒక విమాన సహాయకురాలు చనిపోయింది.

"తీసేయ్ అన్నా."

క్లిప్ ఊడింది. అన్న చెయ్యి వెనక్కి వచ్చింది. కళ్లద్దాలు సరిచేసుకుంటావు.

మూడున్నర.

గేజ్ అంకె ఆగింది.

లోడు పెరుగుతోంది. గేజ్ అంకె వెనక్కి తిరిగింది.

అంచున పగులు. కంటికేమీ లేదు. చప్పుడూ లేదు. గేజ్‌కు తెలిసింది.

మూడు పాయింట్ ఏడు. ఎనిమిది.

ఊపిరి బిగపడతావు.

టప్!

గది ఉలిక్కిపడింది. కింది ముక్క ఇంకా వణుకుతోంది. దాదాపు నాలుగు క్వింటాళ్ల బరువు, ఒక్క దెబ్బతో వదిలేసింది.

"ఫ్యాన్ వేస్తాండా," అంటూ అన్న స్విచ్చు నొక్కేశాడు.

రెండు ముక్కలూ కిటికీ వెలుగులో తిప్పి చూస్తావు. రెండు ముఖాల మీదా జిగురు చిరిగి అంటుకుని ఉంటే తెగింది జిగురేనని అర్థం. చాలామటుకు అలాగే ఉంది. గేజ్ ఉన్న అంచు దగ్గర మాత్రం ఒక చోట ఇనుము నున్నగా, బోడిగా మెరుస్తోంది. జిగురు అక్కడ అసలు పట్టనేలేదు. కోలగా, బొట్టంత మచ్చ.

అసిటోన్‌తో తుడిచాక పట్టీ చేతిలోంచి జారబోతే చప్పున పట్టుకున్న సంగతి గుర్తొస్తుంది. మచ్చ మీద బొటనవేలు ఆనిస్తావు.

సరిగ్గా సరిపోయింది.