పెట్రోమాక్స్‌కు ఏ వాసరు?

గురువారం పురానాపూల్ దిక్కు జుమేరాత్ బజార్‌కు పోయినోళ్లకు ఎరుకే, పాత ఇత్తడి సామాను ఎట్లుంటదో. ఒకప్పుడు పాతబస్తీ బరాత్‌లకైనా, మన ఊళ్ల పెండ్లి ఊరేగింపులకైనా పెట్రోమాక్సే వెలుగు. తాతలనాటి లైటు అటక మీదికెళ్లి దించి బాగుచేసుకుంటే మంచిదే. కానీ సైకిల్ ట్యూబు కోసి వాసరు వేయకుండ్రి. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనకకు పోవాలె.

స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ 1892లో ప్రైమస్ స్టవ్వు తెచ్చిండు. పెట్రోమాక్స్ 1910 ప్రాంతంలో బెర్లిన్‌ల పుట్టింది. పెట్రోలియంకు మాక్స్ గ్రేట్జ్ పేరు కలిపిండ్రు, అంతే. అప్పటికి గ్యాసునూనెకు ఆగే రబ్బరే లేదు. మామూలు రబ్బరు ఆ నూనెల ఉబ్బి మెత్తబడుతది. ఆగే నైట్రైల్ రబ్బరు జర్మనీలో 1930లలో గాని రాలేదు. అందుకే అప్పటోళ్లు ఒక్కో చోట ఒక్కో సరుకు వాడిండ్రు.

పంపుకు తోలు వాసరు. మన పాత చేతి స్ప్రేయర్లల్ల, బోరింగులల్ల ఉన్నసొంటిదే. ఎండి ముడుచుకుంటే పారేయొద్దు. రాత్రంత నూనెల నానబెట్టి అంచు వేళ్లతోని విప్పితే మళ్లీ గాలి పడుతది. (బోరింగులకు 1980లలో కోయంబత్తూరు దిక్కు పరీక్షలు చేసి తోలు బదులు నైట్రైల్ పెట్టిండ్రు. అది నీళ్ల సంగతి. లైటు పంపుకు నా లెక్కన తోలే మేలు.)

పంపు అడుగున వాల్వుల చిన్న బెండు ముక్క ఉండేది. అది పోతే పంపు పిడి దానంతటదే పైకి లేస్తది, గొట్టంలకు నూనె వస్తది. అక్కడ, ట్యాంకు మూతకు ఇప్పుడు నైట్రైలే వేయాలె. స్టవ్వు బర్నర్ అతుకు కాడ మాత్రం ఏ రబ్బరూ వద్దు, సీసమే. అది 327 డిగ్రీల దాకా కరగదు, బిగిస్తే సందుల మెత్తగ కూసుంటది. విప్పిన ప్రతిసారి కొత్తది వేయాలె, నలిగినది మళ్ల పట్టదు. తిప్పే కాడకు చుట్టిన పాత తాడు ఆస్‌బెస్టాస్ కావచ్చు, పొడిగ గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పోతది. తడిపి తీసి గ్రాఫైట్ తాడు చుట్టుండ్రి.

ట్యాంకుల గాలి ఒత్తిడి ఉంటది. మూత కారితే నూనె సన్నగ చిమ్ముతది, పక్కనే మంట. ఊరేగింపుల ఆ లైటు ఒకరి నెత్తి మీద ఉంటది.

దుకాణంల నైట్రైల్ అని ఇచ్చింది నమ్మకుంటే, ఒక్కతీరువి రెండు వాసర్లు తెచ్చి ఒకటి వారం దినాలు గ్యాసునూనెల వేసుండ్రి. తీసి రెండోదాని మీద పెట్టి చూస్తే, మంచిగనే ఉబ్బినట్టు కనబడితే అది నైట్రైల్ కాదు.