మసల్ - సిమిలిట్యూడ్ - ఉపమానం

ఆంగ్లంలో ‘సిమిలిట్యూడ్’ అనే మాట నేడు వాడుకలో అరుదు. లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలో చేరిన ఈ పదానికి పోలిక అని సామాన్యార్థం. అయితే 1611లో వెలువడిన జేమ్స్ రాజు బైబిలులో దీనికి రెండర్థాలున్నాయి. ద్వితీయోపదేశకాండంలో ఇది కంటికి కనిపించే రూపం; హోషేయ గ్రంథంలో ఉపమానం.

ఈ మాటే దివ్య ఖుర్ఆన్ అనువాదాల్లోనూ స్థానం పొందింది. 1734లో జార్జ్ సేల్ నూర్ సూరా 35వ ఆయతులోని ‘మసల్’ను ఇలాగే అనువదించాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్ కూడా అక్కడ ఇదే పదం ఉంచారు. ఆయన 1925లో హైదరాబాదు వచ్చి, నిజాం ప్రభుత్వ ఆదరణలో అనువాదం సాగించి, 1930లో ప్రకటించారు. గ్రంథానికి తగిన గాంభీర్యం కోసం బైబిలు నాటి భాషనే ఆశ్రయించారు.

చిక్కు ఇక్కడే ఉంది. నూర్ సూరాలో అల్లాహ్ తన జ్యోతికి స్వయంగా మసల్ చెప్పాడు. నహ్ల్ సూరా 60వ ఆయతులో అత్యున్నతమైన మసల్ ఆయనదేనన్నాడు. అదే సూరా 74వ ఆయతులో తనకు ‘అమ్‌సాల్’ కల్పించవద్దని నిషేధించాడు. అమ్‌సాల్ మసల్‌కు బహువచనమే. పిక్తాల్ మూడు చోట్లా సిమిలిట్యూడ్ అనే వాడారు. అరబీ ఎరుగని పాఠకునికి ఒకచోట అనుమతి, మరొకచోట నిషేధం ఉన్నట్లు తోచవచ్చు.

నిజానికి వైరుధ్యం లేదు. అరబీలో మసల్ అంటే ఉపమానం మాత్రమే కాదు. స్థితి, గుణం అని కూడా. నహ్ల్ 60లో గుణవిశేషమని వ్యాఖ్యాతలు వివరించారు. 74లో నిషిద్ధమైనది సృష్టిని సృష్టికర్తకు సాటి చేయటం. ఇదే ధాతువు నుండి పుట్టిన ‘మిస్ల్’ షూరా సూరా 11వ ఆయతులో వస్తుంది. ఆయనను పోలినది ఏదీ లేదని ఆ ఆయతు భావం. అక్కడ పిక్తాల్ సిమిలిట్యూడ్‌ను విడిచి ‘లైక్‌నెస్’ అన్నారు.

తెలుగులో మనకు వేర్వేరు మాటలున్నాయి. నూర్ సూరాలో ఉపమానం, నహ్ల్ 60లో గుణం, 74లో సాటి అనటం తౌహీద్ విషయంలో క్షేమకరం. అయితే ఇలా విడదీస్తే అరబీలోని ధాతుబంధం పాఠకునికి కనబడదు. దాన్ని వివరణలో చెప్పక తప్పదు. తన గ్రంథానికి ఖుర్ఆన్ అని గాక ఖుర్ఆన్ భావమని పిక్తాల్ పేరు పెట్టటంలోని వివేకం ఇదే.