డేగ కంటికి పావురం రంగు

ధర్మపురి జిల్లా గగనతలం పందెం పావురాలకు కఠినమైన దారి. బెంగళూరు వైపు నుంచి దక్షిణంగా వాలుతూ వచ్చే పీఠభూమి ఇక్కడ పడమట మేలగిరి కొండలుగా, తూర్పున వత్తల్‌మలైగా, దక్షిణాన తొప్పూరు కనుమగా చీలిపోగా, హొగెనకల్ వద్ద కావేరి రాతిని కోసుకుని నిలువు గోడల నడుమ పారుతుంది. సేలం, ఈరోడ్ ప్రాంతాల గూళ్లకు చేరవలసిన పావురాలను ఉత్తరాన విడిచిపెడితే అవి చాలావరకు ఈ కొండల మీదుగానో, వాటి అంచుల వెంబడో రావలసి ఉంటుంది. రాతి చరియలు వేటపక్షులు గుడ్లు పెట్టే చోట్లు మాత్రమే కావు. ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిని ఆసరా చేసుకుని అవి ఎత్తున కాపు వేసేదీ అక్కడే. దక్షిణాది కొండల్లో ఏడాది పొడవునా ఉండే షాహీన్ డేగ, దానికి దగ్గరి చుట్టమై ఉత్తర ధ్రువం అంచుల నుంచి చలికాలానికి వలస వచ్చే భైరి డేగ, పావురాన్ని అవలీలగా తన్నుకుపోగల కుందేలు సాళువ, గూటి పరిసరాల్లో పొంచి ఉండి పిల్ల పావురాల మీద పడే జాలె డేగ, వీటన్నిటి కళ్లూ తప్పించుకున్న పావురమే ఇల్లు చేరుతుంది.

పందేనికి పెంచేది హోమర్ జాతి పావురాన్ని. వందల కిలోమీటర్ల దూరాన విడిచినా తన గూటికే తిరిగి రావడం దీని స్వభావం. పిల్ల వారం పది రోజుల వయసులో ఉండగానే కాలికి నంబరు ఉన్న రింగు తొడుగుతారు. ఒక్కొక్కరి గూడు ఒక్కొక్క దూరంలో ఉంటుంది కాబట్టి ముందుగా చేరినది కాక, దూరాన్ని కాలంతో భాగించగా ఎక్కువ వేగం తేలినది గెలుస్తుంది. తిరిగి రానివాటి గురించి పావురాలు పెంచే ప్రతిచోటా వినిపించే మాట ఒకటుంది: తెల్లదాన్ని డేగ ముందుగా పట్టుకుపోతుందని. ఈ మాటలో నిజమెంత అన్న ప్రశ్నకు ఉన్న చరిత్ర చిన్నది కాదు. అందులో ముఖ్యపాత్ర వహించిన వారిలో ఒకరు ధర్మపురి అప్పట్లో భాగంగా ఉన్న సేలం జిల్లాలోనే ఉద్యోగం ఆరంభించారు.

పావురాన్ని పనికోసం వాడినవారికీ, ముచ్చటకోసం పెంచినవారికీ రంగు విషయంలో మొదటినుంచీ చూపు వేరు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో, శత్రువుల, అడవిజనుల కదలికలను రాజముద్ర వేసిన సందేశాలతో పెంపుడు పావురాల ద్వారా రాజుకు తెలియజేయాలని ఉంది. అక్కడ పావురం రంగు ప్రసక్తి లేదు, సందేశం చేరడమే ప్రధానం. అక్బరు కొలువులో ఇరవై వేలకు పైగా పావురాలు ఉండేవనీ, వాటిలో ఐదు వందలు మేలురకానివనీ చెప్పిన అబుల్ ఫజల్ మాత్రం తన ఐనీ అక్బరీలో ఒక్కొక్క వన్నెకూ ఒక్కొక్క పేరు పెట్టి వివరంగా రాశాడు. వన్నె కోసం ఎంపిక చేసి జతకట్టించే అలవాటు ముదిరేకొద్దీ, అడవి పావురానికి సహజంగా ఉన్న నీలిబూడిద రంగు స్థానంలో తెలుపు, నలుపు, ఎరుపు, మచ్చల రకాలు పెరిగాయి. ఆ కొత్త రంగులు ఆకాశంలో ఎంతకాలం బతుకుతాయన్నది ముచ్చటపడి పెంచినవారు వేసుకోని ప్రశ్న.

ఆ ప్రశ్న వేసినవాడు చార్లెస్ డార్విన్. జాతులు మారుతాయని నిరూపించడానికి పెంపుడు పావురాలను మించిన సాక్ష్యం లేదని గ్రహించిన డార్విన్, లండన్‌లోని రెండు పావురాల క్లబ్బుల్లో సభ్యుడై, వివిధ దేశాల నుంచి నమూనాలు తెప్పించుకున్నాడు. భారతదేశం నుంచి వాటిని పంపినవాడు మద్రాసు ప్రభుత్వ ఉద్యోగి వాల్టర్ ఎలియట్ (1803–1887). 1821లో మద్రాసు చేరిన ఎలియట్ 1823లో సేలం కలెక్టరుకు సహాయకుడిగా నియమితుడయ్యాడు. టిప్పు సుల్తాను 1792లో వదులుకున్న బారామహల్, అంటే నేటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం, ఆనాడు సేలం పాలనలోనిదే. ధర్మపురి వేరు జిల్లా అయినది 1965 అక్టోబరు 2న. తరువాత ఉత్తర సర్కారుల కమిషనరుగా తెలుగు జిల్లాల పాలన చూసిన ఎలియట్, 1845లో అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపించాడు. తెలుగు నేల మీద పెరిగే మొక్కలకు జనం వాడే పేర్లను సేకరించి ‘ఫ్లోరా ఆంధ్రిక’ అన్న గ్రంథాన్ని 1859లో ప్రచురించాడు. అమరావతి శిల్పాల కోసం అతని పేరు తలచుకునే తెలుగువారికి, 1856లో డార్విన్ అతనికి ఉత్తరం రాసి పెంపుడు పావురాల చర్మాలు పంపమని కోరిన సంగతి అంతగా తెలియదు. మాంసం తొలగించి, ఈకల అమరిక చెడకుండా ఆరబెట్టిన ఆ చర్మాలు సముద్రం దాటి డార్విన్ చేతికి అందాయి. అదే 1859లో వెలువడిన ‘జాతుల పుట్టుక’ మొదటి అధ్యాయంలోనే డార్విన్ ఎలియట్ పేరు చెప్పి కృతజ్ఞత తెలిపాడు.

ఆ పుస్తకంలో రెండు చోట్ల పావురం రంగు ప్రస్తావనకు వస్తుంది. ఈ రెండింటినీ కలిపి చదవడం అవసరం. డేగలు కంటిచూపుతోనే ఎరను పసిగడతాయనీ, ఐరోపాలో కొన్ని చోట్ల తెల్ల పావురాలను పెంచవద్దని, అవే ఎక్కువగా నాశనమవుతాయని హెచ్చరిస్తారనీ నాలుగో అధ్యాయంలో ఉంది. మొదటి అధ్యాయంలోనిది ఒక ప్రయోగం. తెల్లని నెమలితోక పావురాలనూ నల్లని మరో జాతి పావురాలనూ కలిపి, వాటి సంతానాన్ని మళ్లీ కలపగా, ఆ తరంలో ఒకటి అచ్చం అడవి పావురంలా నీలిరంగుతో, రెక్కల మీద రెండు నల్లని చారలతో, తోకమొదట తెలుపుతో పుట్టింది. తోకమొదలు అంటే వీపు చివర, తోక ఈకలకు పైన ఉండే భాగం. పావురం రెక్కలు ముడుచుకుని కూర్చున్నప్పుడు అది కనబడదు, విప్పినప్పుడే బయటపడుతుంది. పెంపుడు జాతులన్నీ ఒకే కొండ పావురం నుంచి వచ్చాయనడానికి ఆ తెలుపు డార్విన్‌కు వంశచిహ్నమైంది. ఆ సందర్భంలోనే కుండలీకరణాల నడుమ అతడు ఒక సంగతి చేర్చాడు: భారతదేశపు ఉపజాతికి మాత్రం తోకమొదలు తెల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది. చదివేవారు దాటిపోయే ఆ చిన్న మాటకు దాదాపు నూట యాభై ఏళ్ల తరువాత కొత్త ప్రాముఖ్యం వచ్చింది.

ఈలోగా మనుషులు డేగకూ పావురానికీ మధ్య చాలా మోటుగా జోక్యం చేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళపు సందేశ పావురాలను భైరి డేగలు పట్టుకుపోతున్నాయని బ్రిటన్ ప్రభుత్వం 1940లో వాటి నిర్మూలనకు ఉత్తర్వు జారీచేయగా, 1946లో అది రద్దయ్యేలోపు దాదాపు 600 డేగలను చంపారు. ఆ యుద్ధంలోనే, 1943 అక్టోబరులో, సముద్రంలో దిగిపోయిన విమానం సిబ్బంది జాడను ఎదురుగాలికి ఓర్చుకుంటూ తీరానికి చేర్చి డికిన్ పతకం అందుకున్న పావురం పూర్తిగా తెల్లనిది. దాని పేరు వైట్ విజన్. ఒక్క పక్షి గెలుపుతో తెల్లరంగు క్షేమమని తేల్చలేము, ఒక్క పక్షి పోవడంతో ప్రమాదమనీ తేల్చలేము. లెక్క కావాలి.

ఆ లెక్క 2005లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అల్బెర్టో పల్లెరోని, అతని సహచరులు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం డేవిస్ పరిసరాల్లో ఏడేళ్లపాటు ఊరపావురాల మీద భైరి డేగలు చేసిన 1,485 దాడులను గమనించారు. ఆ పావురాల్లో తోకమొదలు తెల్లగా ఉన్న అడవిరంగువి దాదాపు 20 శాతం ఉండగా, డేగలకు చిక్కినవాటిలో వాటి వంతు సుమారు 2 శాతమే. ఈ తేడా ఆ తెలుపు వల్లనేనా, ఆ రంగు పక్షులకు మరేదైనా బలం ఉండడం వల్లనా అన్నది తేల్చడానికి వారు చేసిన పని మెచ్చుకోదగినది. అడవిరంగు పావురాల తోకమొదటి తెల్ల ఈకలనూ, మిగతా రూపమంతా ఒకటే అయినా తోకమొదలు నీలంగా ఉన్న పావురాల ఈకలనూ తారుమారు చేసి, వందల పక్షులను తిరిగి వదిలారు. తెలుపు పోగొట్టుకున్నవి డేగలకు ఎక్కువగా చిక్కసాగాయి, తెలుపు పొందినవి తప్పించుకోసాగాయి.

దీని వెనుక ఉన్న యంత్రాంగం క్షణంలో జరిగిపోయేది. భైరి డేగ ఎత్తు నుంచి రెక్కలు ముడిచి, గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగంతో పావురం వెనుకకు దిగుతుంది. ఆ వేగంలో దిశ మార్చుకోవడం దానికి కష్టం కాబట్టి చివరి క్షణంలో పావురం ఏ పక్కకు తిరుగుతుందో ముందే పసిగట్టాలి. పావురం ఒక రెక్కను కిందికి వంచి పక్కకు దొర్లి తప్పించుకుంటుంది. తోకమొదట తెలుపు ఉంటే, చుట్టూ ఉన్న బూడిద రంగు మధ్య కొట్టొచ్చినట్టు కనిపించే ఆ మచ్చ మీద డేగ చూపు నిలిచిపోయి, రెక్క వంగడాన్ని అది ఆలస్యంగా గుర్తిస్తుందనీ, అప్పటికి పావురం దొర్లిపోయి ఉంటుందనీ పరిశోధకుల వివరణ. అంటే ఇక్కడ కాపాడుతున్నది దాచే రంగు కాదు, కనబడి దారి తప్పించే రంగు. ఒళ్లంతా తెల్లగా ఉన్న పావురానికి ఈ ఉపాయం అందదని కూడా ఈ వివరణను బట్టి ఊహించవచ్చు: తెలుపు పక్కన తెలుపు మచ్చగా కనిపించదు.

ఇక్కడే డార్విన్ కుండలీకరణాల్లో పెట్టిన మాట ధర్మపురికి వర్తిస్తుంది. ఇక్కడి కోట గుడి గోపురం మీద, కొండల రాతి సందుల్లో, బావుల అరల్లో గూళ్లు పెట్టే దేశవాళీ పావురానికి తోకమొదలు బూడిదగానే ఉంటుంది. డేవిస్‌లో రక్షణగా తేలిన తెలుపు దానికి పుట్టుకతోనే లేదు. అయినా ఆ జాతి షాహీన్ డేగ తిరిగే కొండల్లో వేల ఏళ్లుగా నిలిచే ఉంది. కాబట్టి కాలిఫోర్నియా ఫలితాన్ని తెచ్చి, తెల్ల తోకమొదలు ఉన్న పక్షులనే జతకట్టించమని దక్షిణాది పెంపకందారుకు సలహా ఇవ్వడం తొందరపాటు. పందెం పావురాల మూలం ఐరోపా, ముఖ్యంగా బెల్జియం. దేశవాళీ రక్తం కలిసిన గూళ్లలో తెల్ల తోకమొదలువీ బూడిద తోకమొదలువీ రెండూ కనిపిస్తాయి. ఈ రెండు రకాలూ ఒకే జట్టుగా షాహీన్ డేగ కిందుగా ఎగిరే చోట ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు ఇక్కడి ఆకాశంలోనే దొరకాలి.

తెల్లదాని మీద ఉన్న పాత నమ్మకానికి మరో వైపు నుంచి బలం వచ్చింది. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో పెద్ద డేగలు ఊరపావురాలను వేటాడే తీరును పరిశీలించిన క్రిస్టియన్ రుట్జ్, గుంపులో అరుదుగా ఉన్న రంగు పావురాలనే అవి ఎక్కువగా ఏరుకుంటాయనీ, అలా ఏరుకునే డేగలకు పిల్లల పెంపకంలో మేలు జరుగుతుందనీ 2012లో ప్రకటించాడు. ఒకేలా ఉన్న వందల రెక్కల నడుమ వేటపక్షి చూపు ఒక్కదాని మీద నిలవడం కష్టం; రంగు వేరైన పక్షి ఆ గందరగోళాన్ని పోగొడుతుంది. ఈ లెక్కన ప్రమాదం తెలుపులో కంటే ఒంటరితనంలో ఎక్కువగా ఉంది. నీలిబూడిద జట్టులో ఒక్క తెల్లది ఎగిరితే దానికి ముప్పు. అన్నీ తెల్లవే అయిన గుంపులో ఒక్క నల్లదానికీ అదే ముప్పు ఉండాలి. వేడుకలకు, సభలకు శాంతి చిహ్నమని నాలుగైదు తెల్ల పావురాలను తెచ్చి, చుట్టూ బూడిద రంగు పావురాలే ఉండే ఊరిలో గాలిలోకి వదలడం ఎంత అన్యాయమో ఈ పరిశోధనను బట్టి అర్థమవుతుంది.

రంగు చర్చలో మునిగినప్పుడు మరిచిపోకూడని సంగతి, తిరిగి రాని పావురాలన్నిటినీ డేగ లెక్కలో వేయడం సరికాదన్నది. బ్రిటన్‌లో పందెం పావురాల నష్టాలపై జరిగిన ఒక అధ్యయనంలో దారి తప్పడం, అలసిపోవడం వల్ల పోయినవి 36 శాతం, గోడలు వంటి అడ్డంకులకు గుద్దుకున్నవి 19 శాతం కాగా, వేటపక్షులకు చిక్కినవి 14 శాతం. 1997 జూన్‌లో ఫ్రాన్సులోని నాంత్ నుంచి విడిచిన దాదాపు 60,000 పావురాల్లో అత్యధికం దారి తప్పగా, కాంకార్డ్ విమానం సృష్టించిన ధ్వని తరంగాలే కారణం కావచ్చని భూభౌతిక శాస్త్రవేత్త జాన్ హాగ్‌స్ట్రమ్ ప్రతిపాదించాడు. హైటెన్షన్ తీగలు కొండలెక్కి దిగే తొప్పూరు దారిలో, ఎండ ముదిరి నీటిచెలమలు ఎండిన నెలల్లో, డేగ కాళ్లకు చిక్కకుండానే పోయే పావురాలు తక్కువేమీ ఉండవు. పైగా భైరి డేగ, షాహీన్ డేగ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పావురం పోయిందన్న కోపంతో వాటి గూటి జోలికి పోవడం నేరం, అంతకు మించి కొండకు తీరని నష్టం.

పెంపకందారు చేతిలో ఉన్నది విడిచే వేళ, విడిచే చోటు, జట్టు కూర్పు. గాలి వేడెక్కి వేటపక్షులు ఎత్తుకు లేవకముందే తెల్లవారుజామున విడవడం, రాతి చరియలకు దూరంగా విడిచే స్థలం ఎంచుకోవడం, ఒక్కదాన్నో రెండింటినో కాక జట్టుగా ఎగరేయడం అందుబాటులో ఉన్న జాగ్రత్తలు. రంగు విషయం తేలాలంటే రింగు నంబరు, వంశం రాసుకునే గూటి పుస్తకంలో తోకమొదలు తెలుపా బూడిదా అన్న గడి ఒకటి చేరాలి. తిరిగి రానివాటి రంగును మాత్రమే కాక విడిచినవాటన్నిటి రంగునూ నమోదు చేయాలి, ఎందుకంటే జట్టులో తెల్లవి ఎన్నో తెలియకుండా పోయినవాటిలో తెల్లవి ఎన్నో చెప్పుకోవడం వల్ల ఏమీ తేలదు. వీపు మీద గోటి గాట్లతో, తోక ఈకలు ఊడి గూడు చేరిన పావురాలకు వేరే పుట కేటాయించాలి: డేగ ఎదురుపడినదనడానికి ప్రత్యక్ష సాక్ష్యం వాటి ఒంటి మీదనే ఉంటుంది, గాటు తోకమొదటికి ఎంత దూరాన పడిందో కూడా అక్కడే కొలవవచ్చు.