భాగవతర్ బాణీ: మధుర, కోయంబత్తూరుల గానసాధన

ఒక మహాగాయకుని కంఠరీతిని, విరుపులను, ఊపిరి నిలుపుకొను తావులను సైతము పట్టి అచ్చముగా అట్లే పాడవలెనను ఉబలాటమును మన విమర్శకులు అనుకరణమని తేలికగా త్రోసివేయుదురు. కాని మన సంగీతమున బాణీ అనునది తరతరములు నిలిచినది ఆ ఉబలాటమువలననే. 16వ శతాబ్దమున విశ్వనాథనాయకుని పాలనతో మధురయందు పాదుకొనిన తెలుగు, కొంగునాట కోయంబత్తూరు చుట్టుపట్లను, రంగనాథస్వామి కొలువైన కారమడై సీమలోను, ఇంట తెలుగును వీథిని అరవమును మాటలాడు కుటుంబముల నోట నేటికిని నిలిచియున్నది. ఈ ప్రాంతముల పాటనేర్పు మొదట గురుముఖమునకే కట్టుబడినది. త్యాగరాజస్వామి శిష్యుడగు వాలాజాపేట వేంకటరమణ భాగవతులు గురుకృతులను శ్రద్ధతో వ్రాసియుంచగా, ఆ వ్రాతప్రతులు పిమ్మట మధురలోని సౌరాష్ట్రసభకు చేరినవి. అయినను వ్రాత స్వరమును చూపునే గాని కంఠమును చూపదు.

రంగస్థలము ఆ కంఠమునకు వేరొక శాసనము విధించెను. 1918లో శంకరదాసస్వామి మధురలో బాలుర నాటకసభను నెలకొల్పిన కాలమున మైకు లేదు. వెనుకనెక్కడనో చాపపై కూర్చున్నవానికి పద్యము స్పష్టముగా వినిపింపవలెనన్న హెచ్చు శ్రుతి తప్ప గత్యంతరము లేదు. రంగస్థలగాయకులగు ఎస్.జి. కిట్టప్పయు, 1910లో మాయవరమున జన్మించిన ఎం.కె. త్యాగరాజ భాగవతరును ఆ నిర్బంధమునే సౌందర్యముగా మార్చుకొనిరి. బాణీ గాయకుని మనోధర్మమునుండియే గాక నాటకశాల వైశాల్యమునుండియు పుట్టునని నా తలంపు.

1934లో ‘పవళక్కొడి’తో తెరకెక్కిన భాగవతరు, 1937లో మధుర రాయల్ టాకీస్‌వారి ‘చింతామణి’తో ఇంటింటి గాయకుడయ్యెను. బి. రంగస్వామినాయుడు, ఎస్.ఎం. శ్రీరాములునాయుడు మొదలగువారి పూనికతో కోయంబత్తూరున వెలసిన సెంట్రల్ స్టూడియోలోనే ‘శివకవి’, ‘హరిదాస్’ నిర్మితములైనవి. రెండవది 1944లో విడుదలయై మద్రాసు బ్రాడ్వే సినిమాశాలలో మూడు దీపావళులు చూచినది. అప్పటికి గురువు స్థానమును గ్రామఫోను ఆక్రమించియుండెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ప్లేటు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములే పాడును. కావున గంటలకొలది సాగవలసిన ఆలాపన అందు నాలుగు సంగతులుగా ముడుచుకొనెడిది. సాధకుడు కీ త్రిప్పి, ముల్లు మార్చి, అదే చరణమును మరల మరల వినును. స్ప్రింగు సడలినకొలది పాట మందగించి శ్రుతి దిగజారును. దానిని గమనింపనివాడు భాగవతరు ఎన్నడును పాడని శ్రుతిలో భాగవతరును నేర్చెడివాడు! ఈ గురువు కోపపడదు, కాని తప్పును దిద్దదు. పాశ్చాత్య రాక్ బృందముల పాత ప్లేట్లను విని, అందలి కేకను గొంతు బిగించి అందుకొనబోవు నేటి యువకులును ఈ చిక్కునకు లోనగుచున్నారు: ధ్వని చెవికి దొరకును, దానిని నిలిపిన ఊపిరి దొరకదు.

ఈ చిక్కును దాటినవాడు మధుర సౌరాష్ట్ర కుటుంబమున 1922లో జన్మించిన టి.ఎం. సౌందరరాజన్. ప్లేటుతో తృప్తిపడక శాస్త్రీయసంగీతము నభ్యసించి, కచేరీలలో భాగవతరు పాటలను పాడి పేరుగాంచెను. పత్రికాకారుడు లక్ష్మీకాంతన్ హత్యకేసులో కారాగారమున నుండిన భాగవతరు 1947లో నిర్దోషిగా వెలువడెను గాని పూర్వవైభవము తిరిగి రాలేదు. ఆ కంఠమునకై శ్రోతల దాహము మాత్రము తీరలేదు. సౌందరరాజన్ తొలి చిత్రగానము ‘కృష్ణవిజయము’లోనిది; ఆ చిత్రము 1950లో కోయంబత్తూరునుండియే వెలువడినది, ఆ పాటయు భాగవతరు పాటకు ఛాయయే. అప్పటి సంగీతదర్శకుడు ఎస్.ఎం. సుబ్బయ్యనాయుడే 1954లో శ్రీరాములునాయుడుగారి ‘మలైక్కళ్ళన్’కు ఆయనచేత ఎం.జి.ఆర్. కొరకు పాడించెను. ఇచట ఛాయ వీడిపోయెను. ఆ సంవత్సరమే ‘తూక్కు తూక్కి’లో శివాజీ గణేశన్‌కును ఆయనయే పాడెను. ఒక గాయకుని పాటపోకడలను పట్టుటకు ఏండ్లకొలది సానపట్టిన చెవి, ఇప్పుడు ఇద్దరు నటుల మాటతీరును వేర్వేరుగా పట్టి, వినినంతనే ఇది వీరి పాట, అది వారి పాట యని గుర్తింపజేసినది. నేపథ్యగానమున ఇంతకు మించిన నేర్పు నే నెరుగను.

1959లో భాగవతరు కన్నుమూయునాటికి పాట నేర్వగోరు పిన్నల ముందు తిరుగుచున్న ప్లేటు సౌందరరాజన్‌ది.