రంగు కింద దాగిన చరిత్ర

బిలాస్‌పూర్ స్టేషనులో ఆగిన రైలు పెట్టె చివరి గోడను మీరెప్పుడైనా పరిశీలించారా? ఆ పెట్టెకు చివరిసారి పూర్తి మరమ్మతు ఏ వర్క్‌షాపులో, ఎప్పుడు జరిగిందో, మళ్ళీ ఎప్పుడు జరగాలో అక్కడ రాసి ఉంటుంది. రంగు వేయడం కూడా ఆ మరమ్మతులో భాగమే. కాబట్టి రైలు పెట్టె రంగు వయసు తెలియాలంటే చదవడం వస్తే చాలు. అదే ఊళ్ళో రైల్వే క్వార్టరు వసారాలో నిలిపిన పాత మోటార్ సైకిలు మాటేమిటి? దాని మీద అలాంటి తేదీ ఏదీ ఉండదు. ఆ రంగు కర్మాగారంలో వేసిందో, తరువాత వేయించిందో ఎలా తెలుస్తుంది?

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. దాని దారిలో ముఖ్యమైన కూడలిగా పెరిగిన బిలాస్‌పూర్, 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ నేరుగా రైలు దారి ఏర్పడింది. రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో నేటికీ ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో తాతగారు కొన్న జావా ఉందనుకుందాం. మనుమడు దాన్ని పెయింటరుకు అప్పగించబోతున్నాడు. అప్పగించే ముందు ఒక్క గంట నిదానంగా చూడమని అతడికి చెప్పాలి. ఎందుకంటే, ఒకసారి గీకేసిన రంగు మళ్ళీ రాదు.

రంగులకూ కాలక్రమం ఉంది

మన దేశంలో ఈ యంత్రాల చరిత్ర మరీ పాతది కాదు. ఇంగ్లాండుకు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం నుంచి 1961లో మోటార్ సైకిళ్ళు రావడం మొదలైంది. 1973 నుంచి ఆ బండ్లు యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఆ కర్మాగారం మూతపడింది.

రంగుల చరిత్ర అంతకన్నా పొడవైనది. 20వ శతాబ్దం మొదట్లో లోహపు భాగాలకు తారు జాతి పదార్థాన్ని అవిసె నూనెతో కలిపి పూసి, వేడి గదిలో కాల్చేవారు. ఆ నల్లని పూతకు 'జపాన్ బ్లాక్' అని పేరు. 1920లలో త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ లాకర్ వచ్చింది. ఆ దశాబ్దం చివరలో ఆల్కిడ్ ఎనామిళ్ళు వచ్చాయి. థాలోసయనిన్ నీలం 1935లో మార్కెట్టుకు చేరింది. పాలీయురెథేన్‌ను జర్మనీలో ఒట్టో బాయర్ బృందం 1937లో కనిపెట్టింది. దాని ఆధారంగా తయారైన, రెండు భాగాలు కలిపి పిచికారీ చేసే రంగులు వాహనాలపై వ్యాపించింది 1960ల తరువాతనే.

ఈ క్రమం మనకెలా ఉపయోగపడుతుంది? ఏ పదార్థమూ తాను పుట్టకముందు వాడుకలో ఉండజాలదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం 1965లో వెల్లడించిన 'విన్‌లాండ్ పటం' కొలంబస్ కన్నా ముందు కాలానిదని చాలామంది నమ్మారు. 1974లో దాని గీతల్లో అనటేజ్ రూపంలోని టైటానియం డయాక్సైడ్ వర్ణకం కనిపించింది. ఆ వర్ణకం 1920 ప్రాంతంలో గాని వాడుకలోకి రాలేదు. చివరకు 2021లో ఆ పటం నకిలీదని యేల్ నిపుణులే తేల్చారు. మోటార్ సైకిలుకూ ఇదే తర్కం వర్తిస్తుంది. 1962 నాటి జావా మీద రెండు భాగాల పాలీయురెథేన్ రంగు, దానిపై అద్దంలాంటి పారదర్శక పూత ఉంటే అది తరువాత వేసిందే.

కర్మాగారం పద్ధతి వేరు

కర్మాగారంలో ముందు విడిభాగాలకు రంగు వేసి, కాల్చి, ఆ తరువాత బిగిస్తారు. వీధి పెయింటరుకు వేడి గది ఉండదు. పైగా చాలాసార్లు భాగాలన్నీ విప్పకుండానే పిచికారీ చేస్తాడు. అందుకే బోల్టుల సందులు, వైర్ల మీది తొడుగులు, రబ్బరు ముక్కల అంచులు చూడండి. అక్కడ రంగు తుంపరలు కనిపిస్తే అది రెండో చేతి పని. ఛాసిస్ సంఖ్య అంకెలు రంగుతో పూడిపోయినా అనుమానించాలి.

ఎండ కూడా సాక్ష్యం చెబుతుంది. అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే రెసిన్‌ను విడగొడతాయి. పైపొర సుద్దలా పొడిబారుతుంది. అందువల్ల అసలు రంగు టాంకు పైన వెలిసి, సీటు కింద, బిళ్ళ వెనుక ముదురుగా మిగులుతుంది. మోకాళ్ళు తగిలేచోట అరిగి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండలో తిరిగిన బండికి అన్నిచోట్లా ఒకే ఛాయ ఉంటే ఎందుకో అడగాలి. బుల్లెట్ టాంకుపై చేత్తో గీసిన బంగారు గీతను భూతద్దంతో చూస్తే మందం కొద్దిగా మారుతూ, కుంచె మొదలుపెట్టిన చోటు తెలుస్తుంది. స్టిక్కరు గీతకు మందం అంతటా ఒకటే.

మందం కొలిచే అయస్కాంత పరికరాలున్నాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. కర్మాగారం పూత సాధారణంగా 100 మైక్రాన్ల అటూ ఇటూ ఉంటుంది. కింద పుట్టీ పెట్టి ఉంటే వందలు, ఒక్కోసారి వేలు దాటుతుంది. పరికరం లేకపోతే చిన్న అయస్కాంతాన్ని మెత్తని గుడ్డలో చుట్టి ఇనుప రేకుపై జరపండి. పట్టు సడలినచోట పుట్టీ ఉండవచ్చు.

తొందరపడి తీర్పు చెప్పవద్దు

సీటు కింద కనిపించనిచోట థిన్నర్‌లో తడిపిన దూదితో తుడిస్తే నైట్రోసెల్యులోజ్ కరిగి దూదికి అంటుతుంది. బాగా కాల్చిన ఎనామిల్ అంత తేలిగ్గా కరగదు. కాని ఈ పరీక్ష పదార్థాన్ని చెబుతుందే గాని వయసును కాదు. నైట్రోసెల్యులోజ్ రంగులు మన పెయింటర్లు నేటికీ వాడుతున్నారు. కొత్త పదార్థం కనబడితే మళ్ళీ రంగు వేశారని నిర్ధారణ అవుతుంది. అది కనబడనంత మాత్రాన రంగు అసలుదని రుజువు కాదు. అందుకే ఒక్క ఆధారంపై నిలబడక, నాలుగైదు ఆధారాలు ఒకే మాట చెబుతున్నాయా అని చూడాలి.

ఇది సరదా ప్రశ్న మాత్రమే కాదు. 2021లో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాల రిజిస్ట్రేషనుకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం నిలుపుకొని, పెద్ద మార్పులకు లోనుకాని వాహనాలనే అవి గుర్తిస్తాయి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన టురిన్ ప్రకటన కూడా వాహనంలో మిగిలిన పాత పదార్థాన్ని వీలైనంత కాపాడాలని కోరుతుంది.

మళ్ళీ రంగు వేయించడం తప్పు కాదు. తుప్పు తింటున్న రేకును కాపాడుకోవలసిందే. దాచిపెట్టడమే తప్పు. కాబట్టి ఆ మనుమడు ముందు ఫోటోలు తీయాలి. సీటు కింద జానెడు మేర పాత రంగును అలాగే వదలాలి. ఏ రంగు, ఏ రోజు, ఎక్కడ వేయించాడో ఒక పుస్తకంలో రాసుకోవాలి. తాతగారు పనిచేసిన రైల్వే ప్రతి పెట్టెకూ ఆ పని చేస్తూనే ఉంది గదా!