పెరిక, పలక, బ్యాగు

"ల్యాప్‌టాప్ పెట్టుకోడానికి మంచి బ్యాగు ఏది?" అని అడిగితే ఎవరైనా ఒక బ్రాండు పేరు చెప్తారు. నన్నడిగితే ముందు ఒక ఎద్దు సంగతి చెప్పాల్సొస్తుంది. పశ్చిమ ప్రకాశంలో బరువు మోసుకుపోవడానికి పెద్ద చరిత్రే ఉంది, దాన్ని వదిలేసి డెనియర్లూ జిప్పులూ మాట్లాడితే సగం సంగతే చెప్పినట్టు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 ఫిబ్రవరి దాకా కర్నూలు జిల్లావి. అంటే జిల్లా కేంద్రం నల్లమలకి అవతల. కోర్టు పనికీ కలెక్టరు పనికీ అడవి దాటి పోవాలి. దాటడానికి పెద్ద దారులు రెండు: గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నంది కనుమ, దోర్నాల నుంచి ఆత్మకూరు వైపు మంత్రాల కనుమ. బండి నడిచే రోడ్లు పడకముందు ఇలాంటి కనుమల్లో సరుకు ఎక్కింది ఎద్దుల వీపు మీదే. సముద్రం ఒడ్డున పండిన ఉప్పు పైకి, పైనుంచి ధాన్యం కిందకి. లంబాడీలు వందల ఎద్దుల్ని బారుగా తోలుకుపోయేవాళ్ళు. 1791లో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు ఇంగ్లీషు సైన్యం తిండిగింజల కోసం ఆధారపడింది ఈ బిడారుల మీదే. ఆ తర్వాత ఆర్థర్ వెల్లెస్లీ దక్కన్ యుద్ధాల్లోనూ అదే కథ. మార్కాపురం, యర్రగొండపాలెం చుట్టుపక్కల తండాలు ఇప్పటికీ ఉన్నాయి, ఎద్దులే లేవు.

ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడేసే జంట సంచిని తెలుగులో పెరిక అంటారు. పెరిక ఎద్దు అన్న మాటా, పెరిక అన్న కులం పేరూ దాన్నుంచి వచ్చినవే. ఈ పెరిక చూడ్డానికి మామూలు గోనె సంచే, అందులో ఉన్న తెలివి మాత్రం మామూలుది కాదు. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. ఒకవైపు జారితే ఎద్దు వీపు కొట్టుకుపోయి పుండు పడుతుంది, పుండు పడితే బిడారు ఆగిపోతుంది. అందుకే గోనెకీ చర్మానికీ మధ్య మెత్త వేస్తారు. బరువు వెన్నుపూస మీద కాకుండా పక్కటెముకల మీద కూర్చోవాలి. ఇవాళ బ్యాగు కంపెనీలు వీపు మెత్త గురించీ భుజం పట్టీల గురించీ రాసే మాటలు ఇవే, ఎద్దు బదులు మనం.

1880ల చివర్లో గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం, దొనకొండ మీదుగా బెజవాడ వైపు మీటర్ గేజ్ రైలు పడింది. నల్లమల్లో బొగద సొరంగం తొలిచారు, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తయిన వంతెన కట్టారు. బ్రాడ్ గేజ్ వచ్చాక ఆ పాత వంతెన వాడకంలో లేకుండా పోయింది. రైలు దెబ్బకి పెరిక ఎద్దు పని అయిపోయింది. సరుకు వ్యాగన్లోకి పోయింది. మనిషి సామాను మాత్రం మనిషి నెత్తికెక్కింది: ట్రంకుపెట్టె, బొంత చుట్ట, ఉద్యోగస్థులకైతే హోల్డాలు. ట్రంకుపెట్టె గట్టిదే, కాదన్ను. తుప్పు పట్టేదాకా బతుకుతుంది. కానీ అది మోసేవాడి కోసం చేసింది కాదు, దొంగ కోసం చేసింది.

ఇక మార్కాపురం పలక. నాకు ఈ వ్యాసంలో ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే. కడప రాతి పొరల్లో కంభం పేరుతోనే పిలిచే పొర ఒకటుంది. మట్టి రాయి కోట్ల ఏళ్ళు ఒత్తిడికి లోనై పలుచటి రేకులుగా చీలే గుణం తెచ్చుకుంది. ఉలి పెట్టి సరైన చోట కొడితే అప్పడంలా విడిపోతుంది. దాన్ని నలుచదరంగా కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక. తెలుగు దేశంలో కొన్ని తరాలు ఓనమాలు దిద్దింది వీటి మీదే. విదేశాలకీ పోయింది. తర్వాత నోటు పుస్తకం వచ్చింది, రేకు పలక వచ్చింది, ప్లాస్టిక్‌ది వచ్చింది. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా గోడలకీ, కప్పులకీ, నేలకీ పోతోంది. ఉత్తర వేల్స్‌లో ఇదే జాతి రాయి తవ్విన కొండల్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన గనుల పక్కన ముక్కల గుట్టలు మాత్రమే ఉన్నాయి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో బలపాల కార్మికుల మీద జరిగిన పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. పలక గురించి ముచ్చటగా రాసేవాళ్ళు ఆ సంగతి మర్చిపోతుంటారు.

చట్రం ఎందుకు? పలక మధ్యలో పగలదు, మూలల్లో పగుల్తుంది. కిందపడితే మొదట నేలని తాకేది మూలే. చెక్క ఆ దెబ్బని తను తీసుకుంటుంది. అయినా గుడ్డసంచిలో పలక పెట్టుకుని బడికి పరిగెత్తిన పిల్లలకి తెలుసు, సంచిని నేల మీద ధభీమని పడేస్తే లోపల "టక్" మంటుంది, ఆ శబ్దానికి గుండె ఆగిపోతుంది. ఇప్పుడు ఎయిర్‌పోర్టు ట్రేలో బ్యాగు పడేసినప్పుడు వచ్చే "టక్" కూడా అదే. ల్యాప్‌టాప్ కూడా రాసుకునే పలకే, మూలల్లోనే పగిలే పలక.

వీపు సంచి మనదాకా వచ్చిన దారి వేరు. నార్వేలో ఓలే బెర్గాన్ అనే ఆయన 1908-09 ప్రాంతంలో వేటకి పోయి, సంచి వీపుని పీక్కుతింటోందని కొమ్మని వంచి చట్రం చేసుకున్నాడట. 1952లో అమెరికాలో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రం పెట్టాడు. 1967లో జెర్రీ కన్నింగ్‌హమ్ జిప్పున్న తేలికపాటి నైలాన్ సంచి తెచ్చాడు, అదే ఏడు జాన్‌స్పోర్ట్ మొదలైంది. కొండలెక్కే వాళ్ళ సంచి కాలేజీ పిల్లల భుజానికెక్కింది, అక్కణ్ణుంచి ఆఫీసుకి. బాలిస్టిక్ నైలాన్ అని గొప్పగా చెప్పే బట్ట రెండో ప్రపంచ యుద్ధంలో విమాన సిబ్బంది కోటుల కోసం పుట్టింది. బాంబు ముక్కల్ని ఆపాల్సిన గుడ్డ ఇప్పుడు ఛార్జర్‌ని కాపాడుతోంది.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో బెంగళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సో కొండవీడు ఎక్స్‌ప్రెస్సో ఆగినప్పుడు జనరల్ పెట్టె దగ్గర నిలబడి చూడండి. వలస ఎలా ఉందో బ్యాగులే చెప్తాయి. నీళ్ళు లేవు, వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో మొదటి శంకుస్థాపన జరిగింది, పిల్లలు పుట్టి పెద్దవాళ్ళై కూలికి పోయారు. యూరియా సంచికి తాడు కట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. దానికంటే ఎక్కువ కనిపించేది బడి బ్యాగు. 2020 అక్టోబర్లో మొదలైన విద్యా కానుకలో ఇచ్చిన బ్యాగులు, పిల్లాడు పై తరగతికి పోయి కొత్తది రాగానే, నాన్న భుజానికి వచ్చేవి. అందులో రెండు జతల బట్టలు, తాపీ, మట్టసం. ఆ పక్కనే ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని నాలాంటి వాడు. లాక్‌డౌన్‌లో రోడ్లెంట నడిచిన వాళ్ళ ఫొటోలు గుర్తు తెచ్చుకోండి: దాదాపు ప్రతి వీపు మీదా ఒక బడి బ్యాగు. వందల కిలోమీటర్లు నడవడానికి దాన్నెవరూ కుట్టలేదు. బడి బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని కేంద్రం అదే ఏడాది పాలసీ తెచ్చింది. పెద్దవాళ్ళకి అలాంటిదేం లేదు.

సరే, కొనే సంగతి. నెలకి పదిహేను రోజులు రైళ్ళలో బస్సుల్లో గడిపేవాళ్ళకి నా లెక్క ఇది. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు, అంటే ఆ అంకె దారం లావు మాత్రమే చెప్తుంది, బలం కాదు. 600 డెనియర్ పాలిస్టర్ కన్నా 500 డెనియర్ నైలాన్ సాధారణంగా రాపిడికి ఎక్కువ ఆగుతుంది. చీటీ మీద పెద్ద అంకె చూసి మోసపోవద్దు. బట్ట చిరిగి పోయిన బ్యాగులు నేను తక్కువే చూశాను. పోయేవి రెండు: భుజం పట్టీ బ్యాగుకి అతికే చోటు, జిప్పు రన్నరు. పట్టీ మొదట్లో అడ్డంగా దట్టంగా పోసిన కుట్టు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. లోపలివైపు తిప్పి, అంచుల్ని గుడ్డ పట్టీతో కప్పి కుట్టారా, పోగులు వేలాడుతున్నాయా చూడండి. ల్యాప్‌టాప్ అర అడుగుకి ఆనకుండా రెండు వేళ్ళ ఎత్తులో ఆగిపోవాలి, లేకపోతే కింద పెట్టిన ప్రతిసారీ మూల దెబ్బ తింటుంది. పలక చట్రం చేసే పనే అది. బరువైన సామాను వీపుకి దగ్గరగా, రెండు పట్టీలూ వేసుకోవాలి. ఒక భుజానికే తగిలించుకోవడం స్టైలే గానీ, పెరిక ఎద్దుకి అలా వేస్తే లంబాడీ వాడు ఊరుకునేవాడు కాదు.

ఖరీదు అడుగుతారు. ఎనిమిది వందలది ఏడాదికోసారి మార్చే స్థోమత చాలామందికి ఉంటుంది, నాలుగు వేలది ఒకేసారి పెట్టే స్థోమత ఉండదు. గట్టి బ్యాగు చివరికి చవక అన్న మాట లెక్కలో నిజమే, జీతం పడని నెలలో కాదు. మధ్యలో ఒక దారి ఉంది: బాగు చేయించడం. గిద్దలూరైనా మార్కాపురమైనా బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన బ్యాగులూ కుడతాడు. కొత్త రన్నరు ఎక్కిస్తాడు, తెగిన పట్టీని మైనం పట్టించిన దారంతో అడ్డంగా నాలుగు వరసలు పోసి ఇస్తాడు. ఫ్యాక్టరీ కుట్టు తెగుతుందేమో గానీ ఆయన కుట్టు తెగగా నేను చూళ్ళేదు. అందుకే ఇప్పుడు బ్యాగు కొనేముందు ఇంకొకటి కూడా చూస్తున్నా: జిప్పు మామూలు సైజుదేనా, రన్నరు బయట దొరుకుతుందా, కుట్టు విప్పి మళ్ళీ వేయడానికి సూది లోపలికి వెళ్తుందా అని. కొన్ని ఖరీదైన వాటిల్లో బట్టని కుట్టకుండా వేడితో అతికిస్తున్నారు. అలాంటిది ఒకటి ఆయనకి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "దీనికి నేనేం చేసేది లేదబ్బా" అని వెనక్కిచ్చేశాడు.