ఇంటి జాగా: మార్కాపురం, గిద్దలూరు సీమలో గూడు లేనివారి చరిత్ర

శతవార్షికోత్సవ సంచికలలో గుడుల చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాయుట మనకు అలవాటు. ఏ గుడికి ఎవరు పునాదిరాయి వేసిరి, గంట ఎక్కడినుండి వచ్చెను అను సంగతులు మన పెద్దలు జ్ఞాపకముంచుకొనిరి. ఆ గుడిలో చాపలమీద కూర్చుండి ఆరాధించినవారు రాత్రి ఎక్కడ తలదాచుకొనిరి, వారి కొట్టము నిలిచిన నేల ఎవరిది అను సంగతి మాత్రము ఏ మినిట్సు పుస్తకములోను కనబడదు. పశ్చిమ ప్రకాశములో సంఘసేవ చేయుచున్న మేము ఈ వ్యాసములో ఆ సంగతినే ఎత్తుకొంటిమి. మాకు తెలిసినంతలో ఈ సీమలో పేదవానికి ఎల్లప్పుడును మొదట కొరతపడినది జాగా. కప్పు ఆ తరువాతి మాట. ఆ జాగా ఏ ఒక్కరి ప్రయత్నమువలనను దొరకలేదు. పలువురు కలిసినచోట దొరికినది, విడిపోయినచోట చేజారినది.

మన తాలూకాల సంగతి పిన్నవారికి తెలియకపోవచ్చును. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివి. 1970 ఫిబ్రవరి 2న వీటిని ఒంగోలుతో చేర్చి క్రొత్త జిల్లా చేసిరి; 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. అంతకు ముందు మన ఊర్లు ఏ జిల్లాకైనను కొసనే ఉండెను. కలెక్టరుకు అర్జీ పెట్టుకొనవలెనన్న నల్లమల దాటిపోవలెను. మిషనులును అట్లే పంచుకొనిరి. గిద్దలూరు వైపు ఎస్.పి.జి. మిషను, మార్కాపురం, కంభం వైపు అమెరికను బాప్తిస్టు మిషను పని చేసినవి. మిషను హద్దులు వేరైనను పల్లెలోని కొట్టము రెండువైపులా ఒక్కటే: మట్టిగోడలు, పైన బోదగడ్డి. ఆలుమగలు నాలుగు దినములు కష్టపడిన లేచును. గాలివానకు పోయినను మరల లేచును. అది నిలిచిన నేల తమది కానప్పుడే చిక్కు. ఊరికి గ్రామకంఠమున్నది, ఊరి వెలుపలనున్న మాలపల్లె, మాదిగపల్లెలు అనేకచోట్ల ఆసామి పట్టాలోనో, పోరంబోకులోనో ఉండెడివి. కూలి ఎక్కువ అడిగినను, మతము మార్చుకొన్నను, బడికి పిల్లవానిని పంపినను ఆసామి అనదగిన మాట ఒకటే ఉండెను: నా నేలలోనుండి లేచిపో. ఆ ఒక్క మాటకు జడిసి ఎన్ని తరములు నోరు మూసుకొనెనో!

1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహా క్షామములో ఈ సీమ జనము తూర్పునకు నడిచిపోయిరి. ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము పని గుత్తకు తీసికొని, గట్టున గుడిసెలు వేయించి, మన బోధకులనే పనిమీద మేస్త్రీలుగా పెట్టిరి. పని సర్కారుది, పర్యవేక్షణ మిషనుది, పలుగు పార పట్టిన చేతులు మాలమాదిగలవి. ఇంతమంది కలిసి ఇల్లులేని జనమును నిలువబెట్టిన మొదటి పని ఈ జిల్లాలో ఇదియే అని మేము తలంచుచున్నాము. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన చరిత్రకారులందరు వ్రాసిరి. తరువాతి సంగతి వ్రాసినవారు తక్కువ. కాలువ పని ముగిసెను, గట్టుమీది గుడిసెలు ఎత్తివేసిరి, జనము తిరిగి వచ్చిరి. ఎక్కడికి? ఆ పరుల నేలమీది కొట్టములకే.

ఈ ముడిని మొదట చక్కగా విప్పి చూపినవారు మన జిల్లావారు కారు, చెంగల్పట్టువారు. అక్కడి కలెక్టరు ట్రెమెన్‌హీరు 1891లో పల్లెవారి స్థితినిగూర్చి సర్కారుకు ఒక నివేదిక పంపెను. ఇంటి జాగా మిరాశీదారుని చేతిలోనున్నంతవరకు కూలివాడు స్వతంత్రుడు కాజాలడని అందులోని సారాంశము. ఆ రోజులలోనే స్కాట్లండు ఫ్రీ చర్చికి చెందిన ఆడమ్ ఆండ్రూగారు, వెస్లియను మిషను విలియం గౌడీగారు మొదలైనవారు ఇదే సంగతి పైకెత్తిరి. మద్రాసు మిషనెరీ కాన్ఫరెన్సువారు సర్కారుకు మహజరు పంపిరి. వేరువేరు మిషనులు ఒక కాగితముమీద చేవ్రాలు చేయుట ఆ కాలములో చిన్న సంగతి కాదు. అయినను అడిగినవాటిలో చాలా భాగము సర్కారు ఒప్పుకొనలేదు.

ఇరువది ఎనిమిదేండ్లు గడిచినవి. 1919లో మద్రాసు ప్రభుత్వము అణగారిన తరగతుల కొరకు ఒక ప్రత్యేకాధికారిని నియమించెను. మరుసటి ఏడు ఆ పని లేబరు కమీషనరు చేతికి వచ్చెను. ప్రైవేటు నేలను ప్రభుత్వమే సేకరించి ఇంటి జాగాలుగా పంచుట, దాని వెలను సహకార సంఘముల ద్వారా వాయిదాలమీద రాబట్టుట ఆ శాఖవారి ముఖ్యమైన పనులలో ఒకటి. తరువాతి హరిజన సంక్షేమ శాఖకు, నేటి సాంఘిక సంక్షేమ శాఖకు మూలము ఇదియే. వాయిదాలు కట్టలేక ఇబ్బందిపడినవారు ఉండిరి. అయినను తన పేర తుండు నేలయున్నదని చెప్పుకొనగలుగుట ఎట్టిదో, తరతరములుగా అది ఎరుగనివానినే అడుగవలెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన సంఘస్థులకు వేరొక చిక్కు తగులుకొనెను. దీనిని దాచుట మంచిది కాదు. 1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ జరిగినది, క్రైస్తవులకు జరుగలేదు. ఒకే పల్లెలో, ఒకే గోడకు ఇటు అటు కాపురమున్న అన్నదమ్ములలో ఒకడు షెడ్యూల్డు కులము, ఒకడు బి.సి. 'సి' తరగతి. 1977లో రాష్ట్ర ప్రభుత్వము క్రైస్తవులైనవారికి శాసనబద్ధము కాని రాయితీలు కొన్ని ఇచ్చెను. కాని 1985-86లో ఆరంభమైన ఇందిరా ఆవాస్ యోజన మొదట షెడ్యూల్డు కులములకు, తెగలకు, విడుదల పొందిన వెట్టివారికి మాత్రమే ఉద్దేశింపబడినది. 1993-94లో గాని ఇతర పేదలకు తలుపు తెరువలేదు. ఇంటికొరకు ఒక పేరు, గుడికొరకు ఒక పేరు పెట్టుకొన్నవారిని వేదికమీదనుండి గద్దించుట తేలిక. వానకారు ఇంటిలో పిల్లలను పెట్టుకొని ఆలోచించినవానికి తెలియును ఆ బాధ.

చట్టము మాటకు వచ్చిన, 1970 తరువాతి పది సంవత్సరములు మేలు చేసినవి. 1975 జూలైలో ప్రకటించిన ఇరువది అంశముల కార్యక్రమములో భూమిలేనివారికి ఇంటి జాగాలిచ్చుట ఒకటి. 1976లో మన రాష్ట్రమున ఒక చట్టము వచ్చెను: పరుల నేలలో ఇల్లు వేసికొని కాపురముండు వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి ఆ ఇంటి స్థలముపై హక్కు కల్పించు చట్టమది. ట్రెమెన్‌హీరు చూపిన ముడికి ఎనుబది ఐదేండ్లకు మన శాసనసభ ఇచ్చిన జవాబు. 1977 నాటి చట్టము సర్కారు ఇచ్చిన జాగాను అమ్మకుండ, కొనకుండ కట్టడి చేసినది. ఈ రెండు చట్టముల పేర్లు సంఘపెద్దలలో ఎందరు విందురో మేము చెప్పజాలము.

ఇక కట్టడము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత కోస్తాలో ప్రభుత్వము, స్వచ్ఛంద సంస్థలు, మన సంఘముల ఉమ్మడి సహాయసంస్థయగు కాసా పక్కా ఇండ్లు కట్టించుటకు పూనుకొన్నవి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడెను. 1983 తరువాత పక్కా ఇండ్ల పథకము ఊరూరా వ్యాపించెను. పడమటి తాలూకాలకు ఇందులో రావలసినంత రాలేదని మా అభిప్రాయము. కారణము స్పష్టము. ఉప్పెన ఒక్క రాత్రిలో ఇండ్లను కూల్చును, లోకమంతయు చూచును. కరవు ఇంటిని మెల్లగా కూల్చును. మొదట గొడ్డు పోవును, తరువాత దూలము అమ్ముకొందురు, తరువాత ఇంటికి తాళము పడును. దానిని ఫొటో తీయువాడుండడు.

తాళము సంగతి కొంత చెప్పవలెను. మార్కాపురం పలకల గనులు బాగుగా నడిచిన రోజులలో చుట్టుప్రక్కల పేదలకు పని దొరికెడిది. పలకల గిరాకి తగ్గెను, వానలు తప్పెను, బోర్లలో ఫ్లోరైడు నీరు. జనము బేల్దారి పనికి హైదరాబాదు, బెంగుళూరు పోవుచున్నారు. అక్కడ పది అంతస్తుల మేడలు కట్టుచు, సిమెంటు బస్తాల ప్రక్కన రేకుల క్రింద పండుకొనుచున్నారు. ఇక్కడ వారి కాలనీ ఇల్లు మూతపడియుండును. క్రిస్మసుకో సంక్రాంతికో వచ్చి చూచుకొందురు. ఇల్లు ఇచ్చిన శాఖ వేరు, నీరు ఇయ్యవలసిన శాఖ వేరు, పని చూపవలసిన శాఖ వేరు. ఈ మూడును ఒక బల్లయొద్ద కూర్చుండనందున ఇల్లుండియు నిలువనీడ లేనివారైరి. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతట ముప్పది లక్షల వరకు ఇంటి పట్టాలు పంచు కార్యక్రమము ఆరంభమైనది. పల్లెలలో ఒక్కొక్కరికి సెంటున్నర. జాగా దొరికినందుకు దేవునికి స్తోత్రము. అయితే సెంటున్నరలో ఇల్లు లేపి, గొఱ్ఱెలను ఎక్కడ తోలవలెను?

నల్లమలలోని చెంచుల విషయములో కొంత మంచి అనుభవమున్నది. 1975లో వారిని అతి వెనుకబడిన ఆదిమ తెగగా గుర్తించి, 1976లో శ్రీశైలములో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థను నెలకొల్పిరి. ఆ తరువాత 1969లో అనంతపురమున విన్సెంటు ఫెర్రరుగారు స్థాపించిన రూరల్ డెవలప్‌మెంటు ట్రస్టు చెంచు గూడెములలోనికి వచ్చినది. ఆ సంస్థ పద్ధతిలో మనము నేర్చుకొనదగినది, ఇంటిని స్త్రీ పేర వ్రాయించుట. త్రాగుడుకు ఇల్లు తాకట్టుపడు అవకాశము దానివలన తగ్గును. 2023 నవంబరులో కేంద్రము ఆరంభించిన పి.ఎం. జన్‌మన్ పథకములో ఇట్టి తెగల కుటుంబమునకు ఇంటికి రెండు లక్షల రూపాయలు చూపిరి. అడవిలోనికి ఇసుక, ఇటుక చేర్చు ఖర్చు చూచినవారు ఆ రెండు లక్షలు ఎంతవరకు వచ్చునో చెప్పగలరు.

ఇప్పుడు మన ముందున్న పెద్ద సంగతికి వచ్చుచున్నాము. శ్రీశైలం జలాశయము కొరకు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో దాదాపు నూరు గ్రామములు మునిగినవి. 1981 వేసవిలో నీరు రాకముందే ఇండ్లను పడగొట్టించి జనమును లేపిరి. పునరావాసమునకు ముందే కూల్చివేత జరిగెను. ఆ జలాశయపు నీటినే కొల్లంవాగు వద్ద తీసికొని, 18.8 కిలోమీటర్ల సొరంగముల ద్వారా నల్లమల క్రిందుగా తెచ్చి, మన సీమలోని నల్లమల సాగరమున నింపుట వెలిగొండ పథకము. దీని కొరకు పాటుపడిన పూల సుబ్బయ్యగారి పేరు దీనికి పెట్టిరి. 1996 మార్చిలో గొట్టిపడియ వద్ద శంకుస్థాపన జరిగెను. 43.5 టి.ఎం.సి. నీరు, 4.47 లక్షల ఎకరముల సాగు దీని లక్ష్యము. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన సీమకు ఇది రావలసినదే. మేము దీని విరోధులము కాము. కాని సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లలో ఆనకట్టలు కట్టుటవలన మార్కాపురం, పెద్దారవీడు, అర్ధవీడు మండలములలో పదకొండు గ్రామములు మునుగును. 2024 మార్చి 6న సొరంగములను జాతికి అంకితము చేసిన నాటికి ఆ గ్రామముల పునరావాసము ముగియలేదు.

శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు నేడు ముప్పది ఏండ్లు రావచ్చినవి. వానికి పెండ్లి, పిల్లలు. 2013 భూసేకరణ చట్టము వయసు వచ్చిన స్త్రీనైనను పురుషునైనను ప్రత్యేక కుటుంబముగా లెక్కించును. సొంత ఇంటి స్థలము లేకపోయినను, నోటిఫికేషనుకు ముందు మూడేండ్లు ఆ ఊరిలో ఎడతెగక నివసించిన కుటుంబమునకు కూడ ఇల్లు ఇయ్యవలెనని ఆ చట్టపు రెండవ షెడ్యూలులోనున్నది. జాగా లేనివాడు నష్టపరిహారపు జాబితాకు ఎక్కడనుటకు వీలులేదు. అయితే నివసించినట్లు రుజువు కావలెను. పట్టా లేనివానికి, వలసపోయి రేషను కార్డు పోగొట్టుకొన్నవానికి రుజువు ఎక్కడిది?

మన గురుపట్టములలోని బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు రిజిస్టర్లు, సమాధి రిజిస్టర్లు తెరచి చూడుడి. పేరు, తండ్రి పేరు, ఊరు, తేది అందులోనున్నవి. మునుగబోవు ఊర్లవారివి ఏరి, గురువు చేవ్రాలుతో నకళ్ళు ఇచ్చినయెడల, పునరావాస అధికారి ముందు చూపుటకు కొందరికైనను ఒక కాగితము చేతికి వచ్చును. ఇది ఒక సంఘము చేయు పని కాదు. మిషను కాలములో పంచుకొన్న హద్దులనుబట్టి ఒకే ఊరివారి రిజిస్టర్లు మూడు వేరు సంఘముల బీరువాలలోనున్నవి. నెహెమ్యా దినములలో ఎవరి ఇంటి ఎదుటి గోడను వారు కట్టిరి గాని, కట్టినది ఒకే గోడ. మార్కాపురములో అన్ని సంఘముల గురువులు ఒక దినము కూడి, పదకొండు ఊర్ల పేర్లు ఎదుట పెట్టుకొని, ఎవరి బీరువాలో ఏ సంవత్సరముల పుస్తకములున్నవో వ్రాసికొనుట మొదటి మెట్టు. కొన్ని పుస్తకములకు ఇప్పటికే చెదలు పట్టినవి.